మాటకు అర్హత – పనికి కొలత

నలుగురు కూడిన చోట మాట పుడుతుంది. ఆ నలుగురు నాలుగు వేలమంది, నాలుగు లక్షల మంది అయినప్పుడు మాటతోపాటు గోల కూడా పుడుతుంది. గోలలో పనికివచ్చే మాట వినపడదు. దీనికి విరుగుడుగా ఇంటర్నెట్‌లో నడిచే కొన్ని సాంకేతిక సమాజాలు ఒక నియమం పెట్టుకున్నాయి. చాట్ గదిలో జరిగే సంభాషణను ఎవరైనా చదవవచ్చు. నోరు విప్పాలంటే మాత్రం ఆ సమాజానికి ముందుగా కొంత పని చేసిపెట్టి ఉండాలి. ఊరకే వచ్చి కూర్చున్నవానికి వినే హక్కు ఉన్నది గాని మాట్లాడే హక్కు లేదు.

మొదటిసారి విన్నవారికి ఇది పాతకాలపు కట్టుబాటు ఏదో కొత్త వేషంలో తిరిగివచ్చినట్లు తోస్తుంది. నాకూ అలాగే తోచింది. అయితే మన కర్మాగారంలోని సాంకేతిక చర్చావేదికకు ఇటువంటి నియమాన్నే వర్తింపజేయాలన్న ప్రతిపాదన ప్రస్తుతం కమిటీ పరిశీలనలో ఉన్నది. ఆ కమిటీలో నేనూ ఒక సభ్యుణ్ణి కావడం వల్ల ఈ విషయాన్ని కొంత లోతుగా చూడవలసివచ్చింది. ఈ వ్యాసంలో అక్కడక్కడ నా మొగ్గు కనిపిస్తే పాఠక మిత్రులు ఆశ్చర్యపోనవసరం లేదు.

ఒకే తీగ, ఒకే పిలుపు

ఈ కథ ఇంటర్నెట్ కంటే పాతది. 1978 ప్రారంభంలో అమెరికాలోని చికాగో నగరాన్ని మంచు తుపాను కమ్మివేసినప్పుడు వార్డ్ క్రిస్టెన్‌సన్, ర్యాండీ స్యూస్ అనే ఇద్దరు కంప్యూటరు ప్రియులు ఒక చిన్న యంత్రాన్ని టెలిఫోను తీగకు తగిలించి, మిత్రులు ఫోను ద్వారా అందులో కబుర్లు రాసిపెట్టే ఏర్పాటు చేశారు. అదే తొలి బులెటిన్ బోర్డు. దానికి ఉన్నది ఒకే తీగ. ఒకరు మాట్లాడుతుంటే రెండవవారికి ఎంగేజ్ శబ్దమే వినపడేది. ట్రంక్ కాల్ బుక్ చేసి పోస్టాఫీసు బల్ల మీద గంటల తరబడి కూర్చున్న పెద్దలకు ఈ బాధ గురించి వేరే చెప్పనక్కర లేదు.

అటువంటి బులెటిన్ బోర్డులు వేలాదిగా వెలసిన తరువాత చాలాచోట్ల ఒక లెక్క అమలులోకి వచ్చింది. ఏదైనా ఫైలును నీవు తెచ్చి ఇక్కడ పెడితే దానికి ప్రతిగా ఇన్ని ఫైళ్లు తీసుకుపోవచ్చు. ఏమీ పెట్టనివానికి ఏమీ లేదు. తీగ ఒక్కటి, డిస్కులో చోటు కొంచెం, వచ్చేవారు అనేకులు. ఉన్నదానిని పంచుకోవడానికి వేసిన లెక్క కనుక దానిలోని న్యాయం అందరికీ తెలిసేది.

తరువాతి కాలంలో తీగలకు కొరత తీరింది. ఇప్పుడు లక్షమంది ఒకేసారి మాట్లాడినా మోయగల వ్యవస్థలు ఉన్నాయి. కొరత తీరనిది వినేవాని సమయానికి. సమాచారం పెరిగినకొద్దీ మనిషి ధ్యాస కరువవుతుందని హెర్బర్ట్ సైమన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త 1971లోనే గుర్తించాడు. యూజ్‌నెట్ అనుభవం దీనికి మంచి ఉదాహరణ. 1979–80లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయ విద్యార్థులు ప్రారంభించిన ఈ చర్చా వ్యవస్థలోకి ఏటా సెప్టెంబరులో, అంటే కళాశాలలు తెరిచే నెలలో, కొత్త విద్యార్థులు వచ్చిపడేవారు. నెలా రెండు నెలలు గందరగోళం. ఆపై పాతవారు మర్యాదలు నేర్పగా అంతా సర్దుకునేది. 1993–94లో వ్యాపార సంస్థలు తమ చందాదారులందరికీ ఈ తలుపు తెరవడంతో కొత్తవారి రాక రోజువారీ అయింది. 1993 సెప్టెంబరు నెల ఇంకా ముగియనే లేదని పాతవారు చెప్పుకునే హాస్యోక్తి అప్పుడు పుట్టినదే. పదిమందికి మర్యాద నేర్పవచ్చు. నేర్పేవారికంటే నేర్చుకోవలసినవారు ఎక్కువైపోతే నేర్పేవారు మెల్లగా లేచిపోతారు. అక్కడ జరిగింది అదే.

ఇరవై పాయింట్ల గడప

2008లో జెఫ్ ఆట్‌వుడ్, జోయెల్ స్పోల్‌స్కీ అనే ఇద్దరు ప్రోగ్రామర్లు ‘స్టాక్ ఓవర్‌ఫ్లో’ను స్థాపించారు. కంప్యూటరు ప్రోగ్రాములు రాసేవారు తమ సందేహాలను అడగడానికి, తెలిసినవారు జవాబు చెప్పడానికి ఏర్పడిన స్థలమిది. మన ఐ.టి. విభాగంలో పనిచేసే యువతీ యువకులలో దానిని ఒక్కసారైనా తెరవనివారు ఉండరు. 2010లో దీనికి అనుబంధంగా చాట్ గదులు ఏర్పాటయ్యాయి. ఆ గదులలో మాట్లాడటానికి 20 పాయింట్లు ఉండాలన్నది ఏళ్ల తరబడి అమలైన నియమం. చదవడానికి మాత్రం ఏ అర్హతా అక్కరలేదు.

ఈ 20 అనే అంకె ఎంత భారమైనదో చూద్దాం. చేరిన ప్రతివారికీ ఒక పాయింటు ఊరకే వస్తుంది. మీరు రాసిన జవాబు బాగున్నదని ఒకరు ఓటు వేస్తే 10 పాయింట్లు. అంటే ఇద్దరు ముక్కూమొహం తెలియనివారు మీ జవాబును మెచ్చుకుంటే 21 అయి గడప దాటిపోతారు. జవాబు చెప్పేంత ధైర్యం లేకపోతే, ఇతరులు రాసినదానిలోని తప్పులను దిద్ది పంపవచ్చు. ఆ సవరణ అంగీకరింపబడితే 2 పాయింట్లు. అటువంటి పది సవరణలు చేసినా సరిపోతుంది. చదువు, ఉద్యోగం, హోదా, దేశం వీటితో నిమిత్తం లేదు. శ్రద్ధగల మనిషికి ఒక ఆదివారం మధ్యాహ్నం పని.

ఇక్కడ ఒక విచిత్రం ఉన్నది. జవాబు రాయడానికి ఒక్క పాయింటు చాలు. కబుర్లు చెప్పడానికి 20 కావలసివచ్చేది. జవాబు పెద్ద పని, కబురు చిన్న పని కదా, ఇది తలకిందులుగా లేదా అని మా కమిటీలో ఒక మిత్రుడు అడిగారు. ఆలోచిస్తే తలకిందులు కాదు. జవాబు నిలిచి ఉండే వస్తువు. దానిని పదిమంది చూస్తారు, తప్పయితే కిందికి నెడతారు, దిద్దుతారు, తొలగిస్తారు. తప్పు జవాబు కలిగించే నష్టాన్ని సరిదిద్దే యంత్రాంగం అక్కడ సిద్ధంగా ఉన్నది. చాట్‌లో మాట ప్రవాహం వంటిది, వచ్చి పోతుంది. దానిని తూచే తీరిక ఎవరికీ ఉండదు. కాబట్టి ప్రవాహంలోకి చెత్త రాకుండా చూడవలసినది తూము దగ్గరే.

మన పరిభాషలో చెప్పాలంటే ఇది పంపు సక్షన్ లైనులో పెట్టే స్ట్రెయినరు. జల్లెడ కన్ను మరీ పెద్దదైతే రాళ్లూ రప్పలూ పోయి ఇంపెల్లరుకు తగులుతాయి. మరీ సన్నదైతే, లేదా పూడిపోతే, పంపుకు నీరు అందక కావిటేషన్ మొదలవుతుంది. లోపల గులకరాళ్లు దొర్లుతున్నట్లు ఒక శబ్దం వస్తుంది. ఆ శబ్దం విన్నవారు మరువలేరు. కొత్త ప్లాంటు కమిషనింగ్ సమయంలో పైపులలో వెల్డింగ్ తుంపులు, గుడ్డపీలికలు ఉంటాయి కనుక తాత్కాలికంగా సన్నజల్లెడ వేస్తాము. లైను శుభ్రపడ్డాక దానిని తీసివేస్తాము. తీయడం మరచిపోయిన జల్లెడ వల్ల చచ్చిన పంపులు కూడా లేకపోలేదు. గడప ఎత్తును నిర్ణయించేవారు దానిని ఎప్పుడు తగ్గించాలో కూడా ముందే రాసిపెట్టుకోవాలని నేను పట్టుబట్టడానికి కారణం ఇదే.

స్టాక్ ఓవర్‌ఫ్లోలోనే సన్నజల్లెడ వల్ల కలిగే అనర్థానికి ఒక ఉదాహరణ దొరుకుతుంది. ఇతరుల ప్రశ్న కింద చిన్న వివరణ అడగడానికి, అంటే వ్యాఖ్య రాయడానికి, 50 పాయింట్ల నియమం పెట్టారు. కొత్తవాడు జవాబు చెప్పగలడు గాని ‘అయ్యా, మీరు వాడుతున్నది ఏ వెర్షన్?’ అని అడగలేడు. అడగకుండా జవాబు చెప్పడం ఎలా? గత్యంతరం లేక ఆ ప్రశ్ననే జవాబు గడిలో రాసేవారు. ఇది జవాబు కాదని నిర్వాహకులు దానిని తొలగించేవారు. రావడంతోనే ఇటువంటి మర్యాద జరిగితే మళ్లీ వచ్చేదెవరు? 2018 ఏప్రిల్‌లో ఆ సంస్థే తమ వేదిక కొత్తవారిని, ముఖ్యంగా స్త్రీలను, వెనుకబాటుకు గురైన వర్గాలవారిని ఆదరించేదిగా లేదని బహిరంగంగా ఒప్పుకొన్నది.

సొమ్ము, హోదా, పని

గడప పెట్టడానికి పని ఒక్కటే మార్గం కాదు. మెటాఫిల్టర్ అనే సమాజం 2004 నుండి కొత్త సభ్యుల వద్ద 5 డాలర్లు వసూలు చేయసాగింది. సొమ్ము పెట్టినవాడు అల్లరి చేయడానికి వెనుకాడతాడన్నది తర్కం. అమెరికా ఉద్యోగికి 5 డాలర్లు కాఫీ ఖర్చు, మన ఐ.టి.ఐ. కుర్రవానికి అలా కాదు. కాబట్టి ఈ మార్గం గురించి ఎక్కువ చెప్పను.

రెండవది హోదా. వాట్సాప్‌లో 2018 నుండి ఒక సదుపాయం ఉన్నది. మీట నొక్కితే బృందంలో అడ్మిన్లు మాత్రమే సందేశం పంపగలరు, తక్కినవారు చదువుకోవలసినదే. ప్రభుత్వ రంగ సంస్థలలో ఈ మీటకు ఉన్న ఆదరణ ఇంతా అంతా కాదు. మన సమీక్షా సమావేశాల పద్ధతికి అది అచ్చంగా అతికినట్లు సరిపోతుంది. నేను ట్రెయినీగా చేరిన నాటినుండి చూస్తున్నాను. బల్లకు ఆ కొసన కూర్చున్నవారు మొదట మాట్లాడతారు, వారి పక్కవారు తరువాత. వరుస కిందికి దిగి, పంపును స్వయంగా విప్పిన ఫిట్టరు వంతు వచ్చేసరికి టీ వస్తుంది. టీతో సమావేశం ముగుస్తుంది.

మూడవది పని. దీని విలువ మన సంస్థలకు కొత్తది కాదని చెప్పడానికే ఇంత ఉపోద్ఘాతం. 1962లో జపానులో కౌరు ఇషికావా ప్రోత్సాహంతో క్వాలిటీ సర్కిళ్ల ఉద్యమం ప్రారంభమైంది. ఆ ఉద్యమానికి ఊపిరి పోసినది ఫోర్‌మన్‌ల కోసం వెలువడిన ఒక పత్రిక అన్న సంగతి మన గృహపత్రిక సంపాదకులకు సంతోషం కలిగించవచ్చు. మన దేశంలో తొలి క్వాలిటీ సర్కిళ్లు 1980లో హైదరాబాదు సమీపాన రామచంద్రాపురంలోని బి.హెచ్.ఇ.ఎల్. కర్మాగారంలో ఏర్పడ్డాయి. 1982లో సికింద్రాబాదు కేంద్రంగా క్వాలిటీ సర్కిల్ ఫోరమ్ ఆఫ్ ఇండియా నెలకొన్నది. ఒకే చోట ఒకే రకం పని చేసే ఆరుగురు మొదలు పన్నెండుమంది స్వచ్ఛందంగా కూర్చుని తమ పనిలోని సమస్యలను తామే విడదీసుకోవడం సర్కిల్ పద్ధతి. చేసేవానికే పని గురించి అందరికంటే ఎక్కువ తెలుసునన్నది దాని మూలసూత్రం.

ఒక్కసారి గమనించండి. సర్కిల్‌లో కూడా మాట్లాడే హక్కు పరిమితమే. పక్క విభాగం అధికారి వచ్చి కూర్చుని ఉపన్యాసం ఇవ్వడానికి అక్కడ తావు లేదు. కానీ దానిని ఎవరూ అన్యాయమనలేదు. కారణం ఏమంటే ఆ పరిమితి నోరులేనివారికి నోరిచ్చింది. చాట్ గదిలో ఇరవై పాయింట్ల నియమాన్ని కూడా నేను ఈ దృష్టితోనే చూస్తున్నాను. బయటినుండి చూస్తే అది గోడ. హోదాను బట్టి మాట్లాడటానికి అలవాటుపడిన మనవంటి సంస్థలో మాత్రం అది హోదాను పక్కకు జరిపి ఆ స్థానంలో పనిని కూర్చోబెడుతుంది. డిప్యూటీ జనరల్ మేనేజరుగారైనా ఏమీ చేయకపోతే మౌనంగా చదువుకోవలసినదే. కమిటీలో ఈ మాట అన్నప్పుడు కొద్దిసేపు నిశ్శబ్దం ఆవరించిందని కూడా ఇక్కడ నమోదు చేయాలి.

అర్ధరాత్రి శుభాకాంక్షలు

అసలు ఈ ప్రతిపాదన ఎందుకు వచ్చిందో చెప్పాలి. మా విభాగంలో నిర్వహణ సమాచారం కోసం రెండు వందల మందికి పైగా సభ్యులున్న ఒక ఫోను బృందం ఉండేది. ఒకనాటి రాత్రి షిఫ్టులో కూలింగ్ వాటర్ పంపు బేరింగ్ ఉష్ణోగ్రత మెల్లగా పెరుగుతున్నదని ఒక ఆపరేటరు రెండున్నర ప్రాంతంలో ఫొటోతో సహా సందేశం పెట్టాడు. ఆ రోజు ఒక పెద్ద అధికారి జన్మదినం. పన్నెండు గంటలకు ప్రారంభమైన శుభాకాంక్షలు, పూలగుత్తుల బొమ్మలు, చేతులు జోడించిన గుర్తులు తెల్లవార్లూ వస్తూనే ఉన్నాయి. ఆపరేటరు పెట్టిన ఫొటో వాటి నడుమ మునిగిపోయింది. దానిని నిర్వహణ విభాగంవారు చూసినది ఉదయం షిఫ్టు మారేటప్పుడు. అప్పటికి పంపు ట్రిప్ అయి స్టాండ్‌బై పంపు అందుకున్నది కనుక ఉత్పత్తికి నష్టం లేదు. బేరింగ్ మాత్రం పోయింది, దానితోపాటు షాఫ్టు జర్నల్ కూడా చెడింది. ఆపరేటరు ఫోను చేసి చెప్పవలసింది కాదా అంటే అవును, చేయవలసిందే; కానీ సందేశం పెడితే చూస్తారన్న నమ్మకాన్ని అతనికి కలిగించినది మనమే కదా.

విచారణ తరువాత తీసుకున్న చర్య పాఠకులు ఊహించగలిగినదే. అడ్మిన్లు మాత్రమే రాయగల మీట నొక్కారు. పూలగుత్తులు ఆగిపోయాయి. ఫొటోలు కూడా ఆగిపోయాయి. రెండు వారాల పాటు ఆ బృందంలో సర్క్యులర్లు తప్ప మరేమీ రాలేదు. శబ్దాన్ని తగ్గించాలని సెన్సరు తీగనే కత్తిరించినట్లయింది. కొన్నాళ్లకు మళ్లీ అందరికీ తెరిచారు. పండుగ వచ్చింది, మళ్లీ పూలగుత్తులు. ఈ రెండు కొసల మధ్య ఊగిసలాడిన మీదట, మన అంతర్గత నెట్‌వర్క్‌లో ఉన్న సాంకేతిక చర్చావేదికను బాగుచేసి, అందులోని చాట్ గదిని పనిచేసినవారికి మాత్రమే ఇవ్వాలన్న ఆలోచన కొందరు యువ ఇంజనీర్లు తెచ్చారు. స్టాక్ ఓవర్‌ఫ్లో పేరు నా చెవిన వేసినది కూడా వారే.

పని అంటే ఏమిటి?

ఇక్కడినుండి దారి ఎత్తుపల్లాలుగా ఉన్నది. మాటకు పని అర్హత అన్నాము, బాగున్నది. పనిని దేనితో కొలుస్తాము?

యువ ఇంజనీర్లు తయారుచేసిన తొలి ముసాయిదాలో ‘వేదికలో కనీసం రెండు సాంకేతిక పత్రాలు సమర్పించినవారు’ అని ఉన్నది. పత్రం ఎవరు రాస్తారు? బల్ల, కంప్యూటరు, ఇంగ్లీషు, తీరిక ఉన్నవారు. ముప్ఫై ఏళ్లలో వందలసార్లు గ్లాండ్ ప్యాకింగ్ మార్చిన టెక్నీషియన్ రాయడు. నీరు చుక్కచుక్కగా కారాలి, ధారగా కారకూడదు, పూర్తిగా ఆగకూడదు అన్న సంగతిని నట్టు బిగించే చేతితోనే తెలుసుకునే మనిషి అతడు. ఆ కొలబద్ద ప్రకారం అతడు నిష్క్రియుడు. గూగుల్‌లో చూసి పత్రం నింపిన నావంటివాడు క్రియాశీలుడు. హోదాను ముందు గుమ్మంలోనుండి పంపి దొడ్డిగుమ్మంలోనుండి తెచ్చుకున్నట్లే అవుతుంది.

కొలబద్ద పెట్టిన వెంటనే మనుషులు పనిని వదిలి కొలబద్దను పట్టుకుంటారన్నది రెండవ చిక్కు. చార్ల్స్ గుడ్‌హార్ట్ అనే బ్రిటిష్ ఆర్థికవేత్త 1975లో ద్రవ్య విధానం విషయంలో చేసిన హెచ్చరిక ఇప్పుడు అన్ని రంగాలలోనూ ఆయన పేరుతోనే చెలామణి అవుతున్నది. దీనికి సరదా అయిన ఉదాహరణ ఒకటి ఉన్నది. అందరికీ ఉచితంగా లభించే సాఫ్ట్‌వేర్‌కు సవరణలు చేసి పంపేవారిని ప్రోత్సహించడానికి డిజిటల్ ఓషన్ అనే సంస్థ ఏటా అక్టోబరులో ఒక ఉత్సవం జరుపుతుంది. 2020లో నాలుగు సవరణలు పంపినవారికి ఒక టీ షర్టు బహుమానమన్నారు. అక్టోబరు ఒకటవ తేదీనుండే వేలాదిమంది, చక్కగా ఉన్న పత్రాలలో ఒక పొగడ్త మాట చేర్చి అదే సవరణ అని పంపసాగారు. ఉచితంగా శ్రమించే నిర్వాహకులు ఆ చెత్త ఎత్తిపోయలేక గగ్గోలు పెట్టారు. కొద్ది రోజులలోనే నియమం మార్చి, ఇష్టపడి చేరిన ప్రాజెక్టులకు పంపిన సవరణలను మాత్రమే లెక్కలోకి తీసుకుంటామని ప్రకటించవలసివచ్చింది. మన సజెషన్ స్కీములో సంవత్సరాంతానికి వచ్చిపడే సూచనల కట్టలను ఎరిగినవారికి ఇది వింతగా తోచదు.

ఇప్పుడు దీనికి యంత్రం తోడైంది. 2022 నవంబరు చివర చాట్‌జీపీటీ వెలువడగా, డిసెంబరు మొదటి వారంలోనే స్టాక్ ఓవర్‌ఫ్లో అటువంటి యంత్రం రాసిన జవాబులను నిషేధించింది. చూడటానికి సొంపుగా ఉండి లోపల తప్పులు ఉండటం, వాటిని తయారుచేయడం సులువు, తనిఖీ చేయడం కష్టం కావడం ఇందుకు చూపిన కారణాలు. రాతను బట్టి శ్రమను అంచనా వేసే ప్రతి పద్ధతీ ఆ రోజుతో బలహీనపడింది. రెండు సాంకేతిక పత్రాలు ఇప్పుడు రెండు నిమిషాల పని.

కాబట్టి పత్రాలను లెక్కించడం మాని, తోటివారు ధ్రువీకరించిన పనిని లెక్కించాలని నేను సూచించాను. ఇది మన రైతులకు తెలియని పద్ధతి కాదు. చెరువు కింద సాగు ఉన్న ఊళ్లలో నీరు వదిలే ముందు కాలువ పూడిక తీయడానికి ఇంటికొక మనిషి చొప్పున వంతు వేసుకునేవారు. మద్రాసు ప్రభుత్వ కాలంలో దీనినే కుడిమరామత్తు అనేవారు. 1858లో దీని కోసం చట్టం కూడా వచ్చింది. వంతుకు వచ్చినదీ లేనిదీ గట్టున నిలబడిన పదిమందికి కళ్లెదుట కనపడేది. ఎవరూ పత్రం నింపలేదు. ప్రపంచమంతటా ఇటువంటి ఉమ్మడి వనరుల నిర్వహణను పరిశీలించిన ఎలినార్ ఆస్ట్రమ్‌కు 2009లో ఆర్థిక శాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. సభ్యులెవరో స్పష్టంగా ఉండాలి, పొందేదానికీ పెట్టేదానికీ పొంతన ఉండాలి, నియమం ఎవరిమీద అమలవుతుందో వారికి దానిని మార్చడంలో పాత్ర ఉండాలి అన్నవి చిరకాలం నిలిచిన సంఘాలలో ఆమె గుర్తించిన లక్షణాలలో కొన్ని. మొదటి రెంటినీ మా ముసాయిదా పట్టుకున్నది, మూడవదానిని వదిలేసింది.

సహకార రంగంలో ఇదే ఆలోచన చట్టరూపం కూడా దాల్చింది. 1995 నాటి ఆంధ్రప్రదేశ్ పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం ప్రకారం, ఓటు మొదలైన హక్కులు వినియోగించుకోవడానికి సభ్యుడు ఏటా కనీసం ఎంత పాలుపంచుకోవాలో సంఘమే తన నియమావళిలో రాసుకోవాలి. కంపెనీల చట్టంలో ఉత్పత్తిదారుల కంపెనీలకు ‘క్రియాశీల సభ్యుడు’ అనే నిర్వచనమే ఉన్నది. నియమావళి అనుమతిస్తే ఓటు అటువంటివారికే పరిమితం చేయవచ్చు. పాలు పోయనివాడు పాల ధర నిర్ణయించరాదన్నది సారాంశం.

వినేవాని మాటేమిటి?

ఇంతవరకు మాట్లాడేవారి గురించే చెప్పాను. ఏ సమాజంలోనైనా వారు కొద్దిమందే. ఇంటర్నెట్ సమాజాలలో నూటికి తొంభైమంది చదివి ఊరుకుంటారనీ, తొమ్మిదిమంది అప్పుడప్పుడు, ఒక్కరు మాత్రం ఎడతెగకుండా రాస్తారనీ జేకబ్ నీల్సన్ అనే నిపుణుడు 2006లో ఒక స్థూల లెక్క చెప్పాడు. ఆ తొంభైమందిని సోమరులనడం తొందరపాటు. జీన్ లేవ్, ఎటియెన్ వెంగర్ 1991లో వెలువరించిన గ్రంథంలో పశ్చిమ ఆఫ్రికాలోని లైబీరియా దర్జీల ప్రస్తావన ఉన్నది. అక్కడి శిష్యుడు మొదట గుండీలు కుట్టడం, ఇస్త్రీ చేయడం నేర్చి, తరువాత కుట్టుపనికి, చిట్టచివర కత్తిరింపుకు వస్తాడు. గుండీ కుట్టేవాడు చేతితో గుండీ కుడుతూ కళ్లతో చొక్కా మొత్తాన్ని చూస్తూ ఉంటాడు. మన షాపులో హెల్పరు స్పానరు అందిస్తూ నేర్చుకోవడం కూడా ఇంతే.

ఈ కారణంగా నియమం ఎంత కట్టుదిట్టంగా ఉన్నా చదివే తలుపును మూయరాదని నా నిశ్చితాభిప్రాయం. కమిటీలో ఒకరు రహస్యం, భద్రత పేర్లు చెప్పి చదవడం కూడా పరిమితం చేయాలన్నారు. రహస్యమైనది చాట్ గదిలో అసలు ఉండకూడదు. ఉండదగినది అందరూ చూడవచ్చు. ఇందులో నేను రాజీపడలేదు.

ప్రస్తుతానికి మేము పంపిన సవరించిన ప్రతిపాదన ఇలా ఉన్నది. వేదికలో పదిహేను రోజులు సభ్యుడిగా ఉండి, ఏవైనా మూడు ఉపయోగకరమైన పనులు చేసినవారికి గదిలో మాట్లాడే హక్కు వస్తుంది. చేతితో గీసిన బొమ్మ ఫొటో, తెలుగులో లేదా హిందీలో మాట్లాడి పంపిన రెండు నిమిషాల రికార్డు, వేరొకరి పత్రంలోని తప్పు దిద్దడం, వైబ్రేషన్ రీడింగు క్రమం తప్పక నమోదు చేయడం, అన్నీ పనులే. అవి ఉపయోగకరమైనవని చెప్పవలసినది అధికారి కాదు, వేరొక షిఫ్టులో పనిచేసే ఇద్దరు సహోద్యోగులు. ఆరు నెలలకొకసారి గడప ఎత్తును పునఃపరిశీలించాలి, ఆ పరిశీలనలో గడపకు బయట ఉన్నవారు సగం మంది ఉండాలి. ప్రమాద సూచన పంపడానికి మాత్రం ఏ అర్హతా అవసరం లేదు. దానికి వేరే ఎర్రమీట ఉంటుంది, అది నేరుగా కంట్రోల్ రూముకు మోగుతుంది. రాత్రి రెండున్నరకు బేరింగ్ వేడిని గమనించినవాడు పాయింట్ల కోసం చూడనక్కర లేదు. శుభాకాంక్షలకు ప్రత్యేకంగా ఒక గది తెరవాలని కూడా రాశాము. పూలగుత్తులు ఇచ్చిపుచ్చుకోవడం చెడ్డ అలవాటేమీ కాదు, బేరింగ్ ఫొటో మీద పెట్టకపోతే చాలు.

తేలనిది ఒకటి మిగిలి ఉన్నది. ఈ పంపులకు రోజూ గ్రీసు పెట్టేవారు, స్ట్రెయినర్లు విప్పి కడిగేవారు చాలావరకు కాంట్రాక్టు కార్మికులు. వేదికలోకి ప్రవేశించాలంటే ఉద్యోగి సంఖ్య కావాలి. వారికి అది లేదు. మూడు పనులు కాదు, మూడు వందల పనులు చేసినా వారి ఖాతాలో జమ కావడానికి ఖాతాయే లేదు. గేటు పాసు సంఖ్యతో లాగిన్ ఇవ్వవచ్చునా అని ఐ.టి. విభాగాన్ని లిఖితపూర్వకంగా అడిగాము. సాంకేతికంగా సాధ్యమేనని వారన్నారు. పర్సనల్ విభాగం అభిప్రాయం కోసం ఫైలు అటు వెళ్లింది.